హ్యారీ ఇంటికి లేట్‌గా ఎందుకొస్తాడు?

షిన్‌చాన్ డబ్బింగ్ చూసి పెరిగిన బ్యాచ్ మనది. అందులో వాళ్ల నాన్న హ్యారీ, అంటే జపనీస్ ఒరిజినల్‌లో హిరోషి, రోజంతా ఆఫీసులో అలిసిపోయి ఇంటికొస్తాడు. జీతం మాత్రం మిట్సీ చేతిలో ఉంటుంది. ఆవిడ ఇచ్చే పాకెట్ మనీతోనే అతను నెల గడపాలి. ఇది కామెడీ కోసం కల్పించింది కాదు. జపాన్‌లో చాలా ఇళ్లలో డబ్బు లెక్క భార్యదే. భర్తకిచ్చే ఆ పాకెట్ మనీకి 'ఒకొజుకాయ్' అని పేరు కూడా ఉంది.

మోటివేషన్ వీడియోల్లో "జపాన్ డిసిప్లిన్" అని ఒకటే పొగుడుతుంటారు. నాకైతే అది సగం కథే అనిపిస్తుంది. ఆ డిసిప్లిన్ బరువు మోసేది ఇల్లు. అక్కడ 'సర్వీస్ జాంగ్యో' అనే మాట ఉంది. జాంగ్యో అంటే ఓవర్‌టైం, సర్వీస్ అంటే వాళ్ల వాడుకలో ఫ్రీగా ఇచ్చేది. అంటే జీతం లేని ఓవర్‌టైం అన్నమాట! ఇంకోటి చూడండి. తోటివాళ్లకంటే ముందు ఆఫీసు నుంచి బయల్దేరేవాళ్లు 'ఒసాకి నీ షిత్సురేయ్ షిమాస్' అంటారు. మీకంటే ముందు వెళ్లి అమర్యాద చేస్తున్నాను, అని. మనం "వెళ్లొస్తా" అనే చోట వాళ్లు ఒకరకంగా సారీ చెప్తారు. మర్యాద కోసం అనే మాటే, ఒప్పుకుంటా. కానీ అందరూ కూర్చునే ఉన్న రూమ్‌లో రోజూ ఆ మాట అని లేవడం ఎంత కష్టమో ఆలోచించండి.

చట్టాలు లేక కాదు. పని ఎక్కువై చనిపోవడానికి 'కరోషి' అని పేరు పెట్టాల్సి వచ్చిన దేశం అది. 2019 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీల్లో ఓవర్‌టైం నెలకు 45 గంటలు దాటకూడదన్నారు. పని మరీ ఎక్కువుంటే ఒక నెలలో 100 గంటల లోపు దాకా వెళ్లనిచ్చే సందు కూడా అదే చట్టంలో ఉంది. బిడ్డకు ఏడాది నిండేదాకా తండ్రి కూడా లీవ్ తీసుకోవచ్చు. 2022లో తీసుకున్నది 17 శాతం మందే. తన పని పక్క సీటువాళ్ల మీద పడుతుందనే మొహమాటమే దీనికి పెద్ద కారణమని నా అభిప్రాయం. మొహమాటానికి లిమిట్ పెట్టే చట్టం ఎవరు రాస్తారు?

2021 ప్రభుత్వ సర్వే ప్రకారం, ఆరేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో ఇంటిపనికీ పిల్లల పనికీ తల్లి రోజుకు 7 గంటల 28 నిమిషాలు పెడుతోంది, తండ్రి 1 గంట 54 నిమిషాలు. మిట్సీ ఎప్పుడూ అరుస్తూనే ఉంటుందని నవ్వుకున్నాం కదా, అరవదా మరి!

2024కి లీవ్ తీసుకున్న తండ్రులు 40 శాతం దాటారు, మంచిదే. జపాన్ జాబ్ కోసం భాష నేర్చుకుంటున్న ఫ్రెండ్స్ మన దగ్గరా ఉన్నారు. అక్కడున్న సీనియర్లని ప్యాకేజీ గురించి ఎలాగూ అడుగుతారు. మీ టీమ్‌లో ఆరింటికి మొదట లేచేది ఎవరు, అని కూడా అడగండి.