యాదాద్రి విద్యుత్ కేంద్రం: ఊపిరితిత్తుల లెక్క ఎవరు వ్రాస్తారు?

మా కొత్తపేట నుండి ఎల్‌బీ నగర్ కూడలికి వెళితే మిర్యాలగూడ బస్సు దొరుకుతుంది. మిర్యాలగూడ దాటితే దామరచర్ల. ఆ మండలంలోని వీర్లపాలెం వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. పేరు విని అది యాదగిరిగుట్ట పక్కన ఉందనుకునేవారు మా కాలనీలోనూ ఉన్నారు!

దీనికి 2017లో పర్యావరణ అనుమతి లభించింది. 2022 సెప్టెంబరు 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం ఆ అనుమతిని నిలిపివేసి, మరల అధ్యయనం జరపమని ఆదేశించింది. 2024 ఫిబ్రవరిలో వీర్లపాలెంలో మరల ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తదనంతరం అనుమతి వచ్చింది. డిసెంబరులో ఒక యూనిట్ ప్రారంభమైంది. పొగగొట్టాలు లేచిన తరువాత ప్రజల అభిప్రాయం అడగడం, శస్త్రచికిత్స ముగించి రోగి చేత అంగీకార పత్రంపై సంతకం చేయించుకోవడం వంటిది. మా వృత్తిలో దానిని ఎవరూ క్షమించరు.

ట్రిబ్యునల్ ముందు చర్చకు వచ్చిన వాటిలో బొగ్గు రకం ఒకటి. అది చిన్న విషయం కాదు. మన దేశపు బొగ్గులో బూడిద తరచుగా 30 శాతానికి మించి ఉంటుంది. దిగుమతి బొగ్గులో చాలా తక్కువ. బొగ్గు మారితే బూడిద లెక్క మారుతుంది, దానితో పీల్చేవారి లెక్కా మారుతుంది. గంధకం మండి వెలువడే వాయువు గాలిలో సూక్ష్మ ధూళిగా మారి ఊపిరితిత్తుల లోతులకు, అక్కడ నుండి రక్తంలోకి చేరుతుంది. ఆస్తమా మాత్రమే కాదు, గుండెపోటు, పక్షవాతం కూడా పెరుగుతాయి. ఆ వాయువును అరికట్టే యంత్రాలను 2025 జూలైలో కేంద్రం మహానగరాల చేరువలోని కేంద్రాలకు తప్పనిసరిగా ఉంచి, దూరంగా ఉన్న అధిక భాగానికి మినహాయించింది. పల్లెవాని ఊపిరి పట్టణవాసి ఊపిరి కంటే చవకా?

విద్యుత్తు వద్దని నేననను. మా ఇంట్లోనూ ఏసీ ఉంది. కానీ నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీటితో వెన్ను వంగిన రోగులను చూసినవాణ్ణి. ఎముకలు వంగిన తరువాత మందు లేదు. ముందుగా నీటిని పరీక్షించి ఉంటే చాలామంది నిటారుగా నడిచేవారు.

అందుకే నేను కోరేది ఒకటే. చుట్టుపక్కల గ్రామాలలో ప్రతి ఇంటా దగ్గు, ఆయాసం, రక్తపోటు వివరాలు నమోదు చేసి, ఊదించి చూసే స్పైరోమెట్రీ పరీక్ష జరిపి, ఏటేటా ఆ అంకెలను గ్రామ పంచాయతీ గోడపై తెలుగులో వ్రాయాలి. ఈ పని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చేయగలదు, ఖర్చు విద్యుత్ సంస్థ భరించాలి.

ఆ ప్రాంతంలో మీ బంధువులుంటే ఒక మాట చెప్పండి: రెండు వారాలు దాటిన దగ్గును ధూళి వలన అని సరిపెట్టుకోక, ముందు క్షయ పరీక్ష చేయించుకోవాలి. అది లేదని తేలితే స్పైరోమెట్రీ అడగాలి, ఆ కాగితాన్ని దాచుకోవాలి.