తిరుమల కొండలోని బంగారు బల్లి

మన చిత్తూరు సీమ స్త్రీలలో కంచి వరదరాజస్వామి కోవెలకు పోయి, అచ్చటి బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వచ్చినవారు పెక్కుమంది కలరు. మీద బల్లి పడిన దోషము దానితో తీరునని పెద్దల నమ్మకము. అది లోహపు బల్లి. ప్రాణముగల బంగారు బల్లి మన తిరుమల కొండలోనే యున్నదని యెఱిగినవారు మాత్రము కొద్దిమందియే.

తిరుపతి ఉత్తరార్కాటు జిల్లాలో నుండిన కాలమున, 1870 లో, బెడ్డోమ్ అను ఆంగ్లేయుడు దీనిని ఈ కొండలలో కనుగొని లోకమునకు తెలిపెను. ఆయన యిడిన శాస్త్రనామమునకు 'అందమైన వ్రేళ్లుగల పసిడి జీవి' యని భావము. అటుపిమ్మట నూఱేండ్లకు పైగా దీని మాట మఱుగుపడెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారి పత్రికలో 1986 లో ఇది మరల కనబడినదని ప్రకటింపబడినది. లక్షలకొలది యాత్రికులు ఎక్కి దిగు కొండపై నొక జీవి యింతకాలము దాగియుండుట వింతగదా! పగలంతయు బండల నెఱ్ఱెలలో నుండి, చీకటి పడిన తరువాత పురుగులకై వెలువడునది గనుక అట్లు జరిగెను. పొడవు జేనకు కొంచెము తక్కువ. పసిడిచాయ మగవానికే మెండు. కంటికి ఱెప్పలు లేవు. నాలుకతోనే కన్ను తుడుచుకొనును. నున్నని బండకు అంటుకొనుటకు దాని వ్రేళ్ల క్రింద జిగురేమియు లేదు. కంటికానని సన్నని నూగు కలదు.

దీని కాన్పు ముచ్చట మీకు తప్పక చెప్పవలెను. పురిటికి పుట్టినింటికి చేరు ఆడుబిడ్డలవలె, అనేకములైన బల్లులు ఒకే బండచాటున చేరి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు తెల్లగా నుండి ఱాతికి గట్టిగా అతుకుకొనును, ఊడదీయబోయిన పగులును. పిల్లలు వెడలిన పెంకుల గుర్తుల ప్రక్కనే మరుసటి కాన్పుల గ్రుడ్లు కానవచ్చును. కావున నట్టి బండ నొకదానిని బాటకొఱకో కట్టడముకొఱకో పగులగొట్టిన, ఎన్నియో తల్లుల సంతానము ఒక్కపెట్టున నశించును. కొండ అడవిలో కొంతభాగము 1989 లో శ్రీ వేంకటేశ్వర జాతీయవనమైనందున కొంత రక్షణ కలిగినది.

బల్లికి విషమున్నదని మనలో పలువురు చీపురు తిరుగవేయుదురు. మన దేశపు బల్లులలో దేనికిని విషము లేదు. అయినను బల్లి పడిన పాలు పాఱబోయుటయే మేలు. అది మురికిని బట్టి గాని విషమును బట్టి కాదు. తలకోన వైపు బండలలోను ఈ బంగారు బల్లి కలదు. అటు పోయినప్పుడు ప్రొద్దు గ్రుంకువేళ బండల సందులనుండి గట్టిగా పలుమారు అఱపు వినవచ్చినచో, పిల్లలను ఱాళ్లు రువ్వనీయక, ఒక నిమిషము నిలిచి వినుడు.