'ఊరు' అంటే ఎవరు?

పామర్రు చుట్టుపక్కల ఏ మాలపల్లెలోనైనా, ఏ మాదిగగూడెంలోనైనా చెవిపెట్టి వినండి. "ఊళ్ళోకెళ్ళి పాలు తెస్తా" అంటుంది మన అమ్మ. అంటే మనం ఉంటున్నది ఊరు కాదా? రేషను కార్డులో అదే ఊరు, ఓటర్ల జాబితాలో అదే ఊరు. నోటి మాటలో మాత్రం పెద్దకులాల ఇళ్ళున్నంత మేరకే ఊరు! 2009 ఎన్నికల నుంచీ పామర్రు ఎస్సీ రిజర్వుడు సీటు. ఎమ్మెల్యే మనోడే. అయినా "ఊరి పెద్దలు" అనగానే మీ కళ్ళకి ఎవరు కనపడతారో మేం చెప్పక్కర్లేదు.

నిఘంటువు తెరిస్తే ఊరంటే జనం నివసించే చోటు. మరి మనం జనం కామా? పలికేవాడు వేలెత్తి ఎవర్ని చూపిస్తాడో అక్కడే మాటకి అర్థం తేలుతుంది. ఇన్నాళ్ళూ ఆ వేలు మనది కాదు.

ఈ సంగతి మన పెద్దలు ఎప్పుడో పట్టుకున్నారు. 1917 నవంబరులో బెజవాడలో 'పంచమ' సభ అని పిలిచారు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచొచ్చిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే ఒప్పుకోలేదు. మనం ఐదోవాళ్ళమేంటి, ఈ నేలకి మొదటివాళ్ళం అని వాదించారు. అదే సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా తన కాగితాల్లో ఆ పేరే రాయక తప్పలేదు. "పేరు మారిస్తే కడుపు నిండుతుందా" అని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. మాటకంత విలువే లేకపోతే, మన తాత పేరు చివర 'గారు' అని చేర్చడానికి వాళ్ళకి నోరెందుకు పెగలదు?

అయితే మన పేరొక్కటే మనం పెట్టుకుంటే చాలదు. మనకి జరుగుతున్నదానికీ మనమే పేరు పెట్టాలి. 1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్ళని నరికి చంపారు. అంతకు ముందే పనులు ఆపేసి వెలివేశారు. ఇలాంటిదాన్ని పల్లెటూళ్ళలో "ఊరి కట్టుబాటు" అంటారు. ఎంత మర్యాదగా ఉందో చూడండి మాట! 1989 అట్రాసిటీ చట్టంలో ఆ నేరానికి పేరు లేదు. 2015 సవరణ వచ్చాకే "సాంఘిక బహిష్కరణ", "ఆర్థిక బహిష్కరణ" అన్న మాటలకి చట్టంలో అర్థం రాశారు. పని ఇవ్వకపోవడం, వ్యాపారం మానేయడం అందులోకి వచ్చాయి.

కాబట్టి అన్నలారా, అక్కలారా, స్టేషనుకెళ్ళి "ఊళ్ళో గొడవైంది సార్" అనొద్దు. ఏ తేదీ నుంచి ఏ రైతు కూలికి పిలవడం మానేశాడో, ఏ కొట్లో ఉప్పు ఇవ్వనన్నారో పేర్లతో సహా రాయండి. కింద చట్టంలో ఉన్న మాటే రాయండి: బహిష్కరణ. రైటరు దాన్ని కొట్టేసి "ఇరువర్గాల ఘర్షణ" అని రాస్తే సంతకం పెట్టొద్దు.