పురమాయించి చేయించుకొన్న వాద్యం

మనిషి అంగడిలో కొని తెచ్చుకొనే వస్తువులు కొన్ని. పనివాని యెదుట కూర్చుండి చేయించుకోవలసిన వస్తువులు కొన్ని. గొడుగు మొదటి రకానిది. కాలికి చెప్పు, ఒంటికి చొక్కా ఒకనాడు రెండవ రకానివే. నేడవి కూడా మొదటి రకంలో కలిసిపోయినవి. వాద్యం మాత్రం ఎన్నడూ అలా కలిసిపోరాదని, కలిసిపోయిన చోట వాయించేవానికీ చేసేవానికీ కూడా నష్టమే మిగులుతుందని ఈ వ్యాసంలో మనవి చేయదలచినాను.

మన డెల్టా ప్రాంతపు యువతలో సంగీతాభిరుచి సన్నగిల్లిందనడం సత్యదూరం. గిటారు, యుకులేలే నేర్చుకొనేవారు పల్లెల్లో కూడా కనబడుతున్నారు. యుకులేలే నాలుగు తంత్రుల చిన్న వాద్యం, గిటారుకు చెల్లెలనదగినది. చంకలో ఇముడుతుంది, నైలాను తీగలు కాబట్టి వేళ్ళు కోసుకొనిపోవు. అయితే ఈ వాద్యాలు పెట్టెలో భద్రపరచబడి ఇంటి గుమ్మం ముందుకు వచ్చి వాలుతున్నవి. ఏ చెక్కతో చేశారో, ఎవరు చేశారో కొన్నవాడికి తెలియదు. ఎవడు వాయిస్తాడో చేసినవాడికి తెలియదు. ఈ అపరిచయమే నా ఆక్షేపణకు మూలం.

యుకులేలే పుట్టుకయే ఈ విషయంలో మనకు పాఠం చెబుతుంది. 1879లో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగల్‌కు చెందిన మదీరా ద్వీపం నుండి చెరకు తోటల కూలీలను హవాయీ దీవులకు చేర్చింది. ఆ ఓడలో వచ్చిన మాన్యుయెల్ నూనెస్, అగస్టో డయాస్, జోసే దో ఎస్పిరిటో శాంటో అనే ముగ్గురు కొయ్యపని తెలిసినవారు. తోటపని గడువు తీరిన తరువాత వారు హొనొలులూలో పనిశాలలు పెట్టుకొన్నారు. తమ దేశపు మషేట్ అనే వాద్యం నుండి ఆకారాన్ని, రజావ్ అనే మరొక వాద్యం నుండి శ్రుతిని తీసుకొని, ఆ దీవుల్లో పెరిగే కోఆ చెక్కతో క్రొత్త వాద్యాన్ని మలచినారు. కలాకౌవా రాజు దానిని ఆదరించి ఆస్థానంలో వాయింపజేసినాడు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రదర్శనతో అది అమెరికా అంతటా వ్యాపించింది. ఆ మరుసటి సంవత్సరమే హొనొలులూలో పనిశాల పెట్టిన శామ్యూల్ కమాకా అనాసపండు ఆకారంలో యుకులేలేను రూపొందించి పేరు గడించినాడు. చెక్క మారింది, శ్రుతి మారింది, ఆకారం మారింది. వాయించేవారి చెవి, వడ్రంగి చెయ్యి ఒకే ఊరిలో ఒకదానికొకటి అందుబాటులో ఉన్నందువలననే ఈ మార్పులన్నీ సాధ్యమైనవని నా అభిప్రాయం.

వాయించేవాడు పనిశాలకు పోయి ఏమి నిర్ణయించగలడని కొందరు అడుగవచ్చు. చాలా సంగతులున్నవి. మొదటిది కొలత. యుకులేలేలో తీగ మ్రోగే నిడివి చిన్న రకానికి సుమారు 13 అంగుళాలు, ఆపై రకాలకు 15, 17 అంగుళాలు. 17 అంగుళాల వాద్యంలో పన్నెండవ మెట్టు సరిగా సగంలో, అనగా 8.5 అంగుళాల వద్ద పడాలి. మొదటి మెట్టు తీగ నిడివిలో సుమారు పద్దెనిమిదవ వంతు దూరంలో ఉంటుంది; తరువాతి మెట్టు మిగిలిన నిడివిలో మరల పద్దెనిమిదవ వంతు. పైకి పోయినకొలదీ మెట్లు దగ్గరవుతూ వస్తాయి. లావు వేళ్ళు గలవానికి చిన్న వాద్యంలో ఆ దూరాలు ఇరుకవుతాయి. పసిపిల్ల చేతికి పెద్ద వాద్యంలో అవే దూరాలు అందవు. ఎడమచేతి వాటం వారికి తీగల వరుసయే తలక్రిందులు కావాలి. ఈ సంగతులు ఏ అంగడివానికీ అక్కరలేదు. పనివాడు మాత్రం చెయ్యి చూడగానే గ్రహిస్తాడు.

మన వీణ విషయంలో ఈ ఆవశ్యకత ఇంకా అధికం. వీణకు వాయించే తంత్రులు నాలుగు, తాళానికి మూడు, మెట్లు ఇరువదినాలుగు. ఈ ఇరువదినాలుగు మెట్ల ఏర్పాటును పదునేడవ శతాబ్దంలో తంజావూరు నేలిన, స్వయంగా తెలుగు కవి అయిన రఘునాథ నాయకుని కాలానికి సంప్రదాయం ముడిపెడుతున్నది. యుకులేలే మెట్లను చెక్కలో గాడి తీసి ఒక్కసారిగా బిగించివేస్తారు. వీణ మెట్లను నల్లని మైనం మీద నిలుపుతారు. మైనం మెత్తబరచి, ఒక్కొక్క మెట్టును చెవితో విని, వెంట్రుకవాసి జరిపి స్థిరపరచే ఆ పనికి మేళం కట్టడమని పేరు. ఆ వీణ ఎవరి గాత్రానికి తోడు రావాలో, ఒకటి శ్రుతికా, అయిదు శ్రుతికా అన్నది ముందే తెలిస్తే తీగల లావును, బిగువును దానికి తగినట్లు నిర్ణయించవచ్చు. పాడే మనిషి ఎదుట కూర్చుంటే ఈ ప్రశ్నకు ఒక్క స్వరంలో సమాధానం దొరుకుతుంది.

పురమాయించి చేయించుకొనడం మన ప్రాంతానికి క్రొత్తదికాదు. పురమాయించు, నమూనా, బయానా, కార్ఖానా అనే మాటలు పారశీకం నుండి ఉర్దూ ద్వారా వచ్చి తెలుగులో ఇల్లు కట్టుకొన్నవి. కలంకారీ అన్న పేరు కూడా అటువంటిదే. మచిలీపట్నం రేవు వెలుగొందిన కాలంలో పారశీక వర్తకులు తమ దేశపు అభిరుచికి తగిన నమూనాలను ఇక్కడి పనివారికి చూపి బట్టలు వేయించుకొన్నారు. 1605 ప్రాంతంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వచ్చి కొఠీలు పెట్టుకొన్నారు. ఎర్రని నేల మీది పూలకంటె తెల్లని నేల మీది పూలు కావాలని ఐరోపా వర్తకులు కోరితే, మన అద్దకపు పనివారు వారికి ఆ విధంగానే చేసి ఇచ్చినారు. కొనేవాని కోరిక, చేసేవాని నైపుణ్యం ఎదురుపడినందువలననే కలంకారీకి ఇన్ని రూపాలు వచ్చినవి.

ఆ సంప్రదాయం పెడనలో నేటికీ చూడవచ్చు. టేకు చెక్కను నునుపు చేసి, దాని మీద బొమ్మను దింపి, ఉలితో అచ్చు చెక్కుతారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు కావాలి. కరక్కాయ నీటిలో తడిపిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరవేసిన ద్రవం నలుపును, పటిక ఎరుపును పట్టి నిలుపుతవి. అచ్చు చెక్కేవాడు తన అచ్చు బట్ట మీద ఎట్లా పడిందో చూడకుండా మరొక అచ్చును సవరించలేడు. అద్దేవాడు వచ్చి, ఈ ఆకు అంచు రంగును ముద్దగా పట్టుతున్నదని చెబితేనే గాడి లోతు ఎంత ఉండాలో తెలుస్తుంది. వాద్యం పని కూడా సరిగా ఇటువంటిదే. కనుక పెడనలో పుట్టి పెరిగిన విద్యార్థికి పనిశాల మర్యాదను వేరుగా బోధించనక్కరలేదు. తన వీధిలో చూచినదానినే మరొక ఊరిలో చూస్తాడు.

ఆ ఊరు దూరమైనది కాదు. పెడన నుండి రైలులో గుడివాడ చేరి, అక్కడినుండి బస్సులో హనుమాన్ జంక్షన్ మీదుగా పోతే నూజివీడు వస్తుంది. 2022 వరకు మన కృష్ణా జిల్లాలోనిదే. నేడు ఏలూరు జిల్లాలో ఉన్నది. మామిడిపండ్లకు ఎంత పేరో, వీణలకు కూడా ఆ ఊరికి అంత పేరు. సరస్వతీ హస్తభూషణమని మనం కొలిచే వాద్యం అక్కడ ముస్లిం కళాకారుల చేతులలో రూపు దిద్దుకొంటున్నదన్న విషయం, ఉర్దూ తెలుగు భాషలు ఒకే అట్టల మధ్య చదువుకొనే మన పాఠకులకు ప్రత్యేకంగా సంతోషం కలిగించాలి. దీనిని ఒక వింతగా చెప్పుకొనవలసిన పనిలేదు. కొయ్య తెలిసినవాడు కొయ్యపని చేస్తున్నాడు. స్వరం తెలిసినవాడు అతని వద్దకు పోతున్నాడు. ఇంకా దూరం పోగలవారికి విజయనగరం జిల్లాలో బొబ్బిలి ఉన్నది. ఆ సమీపాన గొల్లపల్లి పనివారు కుండ, దండి వేర్వేరుగా చేసి అతికించకుండా, ఒకే పనసమాను నుండి తొలిచి ఏకాండి వీణ చేయడంలో ప్రసిద్ధులు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా లభించినది.

అయితే గుర్తింపు ఒక్కటే పనివానిని నిలబెట్టదు. బొబ్బిలిలో వాయించే వీణలతో పాటు బహుమతులుగా ఇచ్చే చిన్న వీణలు కూడా తయారవుతున్నవి. సన్మానసభలలో అతిథుల చేతులలో మనం చూచేవి అవే. వాటివలన ఆ కుటుంబాలకు జీవనం గడుస్తున్నది కాబట్టి వాటిని నిందించను. కాని అద్దాల బీరువాలో కూర్చున్న వీణ పనివానికి ఏమీ చెప్పదు. దాని మూడవ మెట్టు మీద తీగ జీరపోతున్నదని గాని, గుర్రం ఎత్తు ఎక్కువై వేళ్ళు నొస్తున్నవని గాని ఎవరూ తిరిగివచ్చి చెప్పరు. వాయించేవాని ఫిర్యాదే పనివానికి విద్య. అంగడివాడు మధ్యనున్నచోట ఆ ఫిర్యాదు అంగడిలోనే ఆగిపోతుంది. సరకు మారుతుందే గాని పని మారదు. తరాల తరబడి ఫిర్యాదు వినని పనిశాలలో చేతులు చురుకుగా ఉన్నా చెవులు క్రమంగా మొద్దుబారుతవి. వాయించే జనం రానినాడు పనివాని కుమారుడు ఉలి పట్టడానికి కారణం కూడా కనబడదు. మన కళలు క్షీణిస్తున్నవని వాపోయే మనం ఆ క్షీణతకు ఈ కారణాన్ని కూడా లెక్కలో చేర్చుకోవాలి.

దీనికి మూడు అభ్యంతరాలు వినబడుతున్నవి. ఏమీ తెలియని విద్యార్థి రూపకల్పనలో ఏమి సాయపడగలడని మొదటిది. పనివానికి పని నేర్పుమని నేననడం లేదు. విద్యార్థికి తన చెయ్యి తెలుసు, తన గొంతు తెలుసు, తాను ఎంతసేపు కూర్చుండగలడో తెలుసు. ఆ మూడూ పనివానికి తెలియనివి. చేతి దాకా వచ్చిన అవసరమే వాద్యాన్ని మారుస్తుంది. మన పొరుగున పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ జీవితం దీనికి దృష్టాంతం. పాశ్చాత్య మాండలిన్‌లో నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటవి. కర్ణాటక సంగీతంలోని గమకాలకు ఆ జతలు అనుకూలించవు కాబట్టి ఆయన అయిదు ఒంటి తీగలు గల విద్యుత్ మాండలిన్‌ను స్వీకరించినారు. 2014లో ఆయన దివంగతులయ్యేనాటికి ఆ మార్పు ఒక సంప్రదాయంగా స్థిరపడింది.

ధర ఎక్కువన్నది రెండవ అభ్యంతరం. నిజమే, చేతిపని యంత్రపు ధరకు రాదు. కాని మేళం చెదిరిన వీణకు తిరిగి మేళం కట్టవచ్చు. బిరడా అరిగితే మార్చవచ్చు. చేసినవాడు బ్రతికియున్నంతకాలం ఆ వాద్యానికి వైద్యుడున్నట్లే. అతుకులతో దూరదేశాన తయారై వచ్చిన పెట్టె, సముద్రపు గాలి ఆడే మన ప్రాంతపు వానాకాలానికి తట్టుకోలేక అతుకు విడితే దాని గతి ఏమి? చరవాణిలో ఛాయాచిత్రాలు పంపితే చాలదా అన్నది మూడవ అభ్యంతరం. ఛాయాచిత్రం ఆకారాన్ని చూపుతుంది. ఒడిలో బరువును చూపదు, పలకను వ్రేలితో తట్టినపుడు వచ్చే నాదాన్ని వినిపించదు.

పనిశాలకు పోయేవారు పాటించవలసిన మర్యాద కూడా కలదు. పోగానే ధర అడుగరాదు. ముందు కూర్చుండి పని చూడాలి. తయారైన వాద్యం ఒకటి అడిగి వాయించాలి. బాగున్నది బాగున్నదనీ, లేనిది లేదనీ మృదువుగా చెప్పాలి. పనివాడు కాదన్న కోరికను పట్టుబట్టరాదు. కారణం అడిగి తెలుసుకోవాలి. బయానా ఇచ్చిన తరువాత తొందరపెట్టరాదు, ఎండవలసిన చెక్క ఎండక తప్పదు. వాద్యం ఇంటికి వచ్చిన ఆరు నెలలకు మరల పోయి, ఎట్లా పలుకుతున్నదో వినిపించాలి. అన్నిటికంటె ముఖ్యమైనది ఈ రెండవ ప్రయాణమే.

విద్యాసంస్థలకు నా విన్నపం ఒక్కటి. సంగీత పరికరాల కోసం ఏటా ఖర్చుచేసే సొమ్ములో కొంత భాగమైనా తీసి, వాయించే విద్యార్థులు ఇద్దరి చేతికిచ్చి, ఒక అధ్యాపకుని తోడిచ్చి నూజివీడు పంపండి. పనసచెక్కతో నాలుగు తీగల చిన్న వాద్యం చేయగలరా అని వారినే అడుగనివ్వండి. అగునన్నా కాదన్నా, ఆ సమాధానంలో ఒక సంవత్సరపు పాఠం ఉంటుంది. అగునన్నచో దాని పలక అంచున చెక్కడానికి పెడన అచ్చులలోని ఒక లతను కాగితం మీద గీసి తీసుకొనిపొండి. టేకు మీద పని చేసిన మన ఊరి ఉలి, పనస మీద పని చేసే వారి ఉలి ఒకదానినొకటి గుర్తుపట్టగలవని నా నమ్మకం.