తగినవాళ్లు దొరకలేదట

యూనివర్సిటీలకి 'నాట్ ఫౌండ్ సూటబుల్' అనే మూడు మాటలు దొరికినాయి. వెనకటికి ఊరబావి కాడ మా మాదిగోళ్లని తరమటానికి ఇంత తతంగం లేదు, ఒక అదిలింపు చాలు. ఇప్పుడు నోటిఫికేషన్ వేసి, ఇంటర్వ్యూకి పిలిచి, టీ ఇచ్చి మరీ తరుముతున్నారు.

నేను సర్కారు బళ్లో సోషల్ చెప్పే పంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటోణ్ణి. డీఎస్సీ రాస్తే వచ్చింది, నెట్ రాస్తే వచ్చింది. ఆ జవాబు పత్రాల మీద నంబరుంది గానీ నా పేట లేదు. పీహెచ్‌డీ అయ్యాక ఒక సెంట్రల్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి పోయినా. పది నిమిషాల్లో సగం మా ఊరూ, మా నాయన చేసే పనీ. థీసిస్ మీద ఒక్కటే ప్రశ్న. ఎస్సీ పోస్టది, వచ్చినోళ్లం అందరం పీహెచ్‌డీలమే. ఒక్కడూ పనికిరాలేదంట!

వాళ్ల దుర్మార్గం ఒక్కటే అనుకోకండి, తమ్ముళ్లారా. రూలే అట్లా రాసుకున్నారు. 2018 యూజీసీ నిబంధనల్లో చదువుకీ, నెట్‌కీ, అచ్చయిన పేపర్లకీ వచ్చే మార్కులు ఇంటర్వ్యూకి పిలవటం దాకే. ఎంపికంతా ఇంటర్వ్యూ మీదే. మెరిట్ మెరిట్ అని మా నెత్తిన మొత్తేవాళ్లు మా మార్కుల్ని మాత్రం గది బయట విడిచి రమ్మంటారు, చెప్పుల్లాగా. కమిటీలో ఎస్సీ మెంబరు ఉంటాడు గదా అంటారు. ఆయన్ని నామినేట్ చేసేదీ వీసీనే.

గది దాకా కూడా రానీయని దారి ఇంకోటుంది. రిజర్వేషన్‌కి డిపార్టుమెంటే యూనిట్ అని 2017లో అలహాబాద్ హైకోర్టు అంటే, 2018 మార్చిలో యూజీసీ ఉత్తర్వు ఇచ్చింది. పదమూడు పాయింట్ల రోస్టర్. నాలుగోది ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, ఎస్టీకి పద్నాలుగోది. బోర్డు మీద వేసి, 'ఇద్దరే ప్రొఫెసర్లున్న డిపార్టుమెంటులో మన వంతు ఎప్పుడు?' అని అడిగా. 'ఎప్పుడూ రాదు సార్' అంది ఏడో తరగతి పిల్ల. జనం రోడ్డెక్కితేనే 2019 మార్చిలో ఆర్డినెన్సు, జూలైలో చట్టం వచ్చినాయి. అందులోనూ నాలుగో సెక్షన్ చదవండి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ లాంటి సంస్థలకి మినహాయింపంట. పరిశోధన అనేసరికి మళ్లీ మనం అంటు.

దొరకలేదన్న పోస్టు ఏమవుతుంది? అరుదైన సందర్భాల్లో జనరల్‌కి మార్చొచ్చని 2023 డిసెంబరులో యూజీసీ ముసాయిదా రాసింది. గొడవయ్యాక, 2024 జనవరిలో, అట్లాంటిదేం లేదంది.

ఒక పిల్లకి మూడు మార్కులు తగ్గిస్తే నేను పేపరు చూపించాలి. ఎందుకు పనికిరానో కాగితం మీద రాసి ఇవ్వటానికి ఆ పెద్దలకేం రోగం? నా ఇంటర్వ్యూ మార్కులు చెప్పమని సమాచార హక్కు కింద అర్జీ పెట్టినా. మీరూ పెట్టండి.