సముద్రం దిగిందా, నది నెట్టిందా?

పిల్లలూ! దివిసీమ అంతా కృష్ణానది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల. సుమారు 6,000 ఏళ్ళ క్రితం సముద్రపు ఒడ్డు ఇప్పటి మచిలీపట్నానికి చాలా లోపలగా, గుడివాడ వైపున ఉండేది. ఈ సంగతి ఎలా తెలిసింది?

నేలను లోతుగా తొలిస్తే పైన ఒండ్రు, దాని కింద సముద్రపు గవ్వలున్న మట్టి కనిపిస్తాయి. ఆ రెండు పొరల సరిహద్దే సాక్షి. గవ్వల మట్టి మెల్లమెల్లగా ఒండ్రుగా మారితే, నది మేటవేసి సముద్రాన్ని వెనక్కు నెట్టిందన్నమాట. అలాకాక సరిహద్దు కోసినట్టుండి, కింది మట్టి గట్టిపడి, అందులో వేళ్ళ జాడలుంటే? సముద్రమే దిగిపోయి, ఆ నేల చాలాకాలం ఎండకు ఎండిందన్నమాట. సుమారు 20,000 ఏళ్ళ క్రితం ఎంతో నీరు మంచుగా గడ్డకట్టడం వల్ల సముద్రం 120 మీటర్ల దాకా దిగింది.

ఇప్పుడు సముద్రం మళ్ళీ మెల్లగా పెరుగుతున్నది. ఒండ్రులో చాలాభాగం ఆనకట్టల వెనకనే ఆగిపోతున్నది. ఇక ముందు ఈ ఒడ్డు ఎటు జరుగుతుందో చెప్పగలరా? మీ ఊళ్ళో బావి తవ్వితే, పెద్దల వెంట వెళ్ళి మట్టి పొరలు చూడండి.