గడువు తప్పిన కబురు

'రియల్‌టైమ్ సిస్టమ్స్' అన్న మాటను 'తక్షణ వ్యవస్థలు' అని తెలుగు చేయడం చూస్తుంటాను. ఆ అనువాదంతో నాకు పేచీ ఉంది. తక్షణమనగానే మనసు వేగం మీదికి పోతుంది. ఆ శాస్త్రం పట్టించుకునేది గడువును. లెక్క సరిగ్గానే కట్టినా, గడువు దాటాక చెప్పిన జవాబును అది తప్పు జవాబుల్లోనే జమ వేస్తుంది. 'గడువు వ్యవస్థలు' అంటే చెవికి కొత్తగా ఉంటుందేమో గానీ అర్థం దారి తప్పదు.

ఈ రంగంలో కృషి చేసినవారిలో ఆచార్య సి. శివరామమూర్తి గారు ఒకరు. వరంగల్ ఆర్.ఇ.సి.లో 1982లో ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని, ఖరగ్‌పూర్, బెంగుళూరుల్లో పైచదువులు చదివి, మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్యులయ్యారు. జి. మణిమారన్‌తో కలిసి రియల్‌టైమ్ వ్యవస్థల్లో వనరుల నిర్వహణపై 2001లో ఒక పుస్తకం, బి.ఎస్. మనోజ్‌తో కలిసి అడ్‌హాక్ వైర్‌లెస్ నెట్‌వర్కులపై 2004లో మరొకటి వెలువరించారు. ఈ రెండో దానిలో వైర్‌లెస్ సెన్సర్లకు ఒక అధ్యాయమే కేటాయించారు. పైకి వేరువేరు విషయాల్లా కనిపిస్తాయి. నాకు మాత్రం రెండింటి అడుగునా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: ఉన్న కొద్దిపాటి వనరులతో ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఎలా?

ఆ ప్రశ్న బరువు తెలియాలంటే వరంగల్ నుంచి ఉత్తరానికి, గోదావరికి ఇరువైపులా ఉన్న సింగరేణి బొగ్గుబాయిల దాకా వెళ్ళాలి. ఈ ఒడ్డున పాత కరీంనగర్ జిల్లాలోని గోదావరిఖని. ఆ ఒడ్డు దాటితే పాత ఆదిలాబాద్ జిల్లాలోని శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి.

బాయిలో మీథేన్ గాలికంటె తేలిక కనుక కప్పు కింద పోగవుతుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. అంతదాకా పోనీయకుండా 1.25 శాతం దాటగానే కరెంటు తీసేయాలని మన గనుల నిబంధన. ఒకప్పుడు సర్దారు దీపం పైకెత్తి, జ్వాల మీద కమ్ముకునే నీలి ఛాయను చూసి గ్యాసు అంచనా కట్టేవాడు. ఇప్పుడు ఆ పని సెన్సర్లు చేయగలవు. అయితే సెన్సరుకు తెలియడం వేరు, పైనున్న మనిషికి తెలియడం వేరు. బొగ్గూ బండా రేడియో తరంగాలను మింగేస్తాయి. అందుకని వైర్‌లెస్ కబురు ఒక సెన్సరు నుంచి పక్కదానికి, దాని నుంచి ఆ పక్కదానికి చేతులు మారుతూ రావాలి. పైగా ఇవి బ్యాటరీతో బతికేవి. బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే ఎక్కువ సేపు నిద్రపోవాలి. పక్కది నిద్రలో ఉంటే కబురు దాని గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. దారిలో 20 సెన్సర్లు ఉండి, ఒక్కొక్కటీ క్షణానికొకసారి, తమ ఇష్టమొచ్చిన వేళకు మేలుకుంటాయనుకుందాం. కబురు సగటున 10 క్షణాల్లో చేరుతుంది. ఖర్మ కాలిన రోజున 20 పడుతుంది. అమ్మేవాడు సగటు చెబుతాడు. బాయి దిగేవాడికి కావలసింది రెండో అంకె.

ఈ శాస్త్రానికి పునాది వేసిన లియు, లేలాండ్‌ల 1973 నాటి వ్యాసం కూడా ఆ రెండో అంకె గురించినదే. పదేపదే వచ్చే పనులకు, ఎంత తరచుగా వస్తే అంత ప్రాధాన్యం ఇచ్చే పద్ధతిలో, మొత్తం పనిభారం సుమారు 69 శాతం మించకపోతే ఏ పనీ గడువు తప్పదని వారు నిరూపించారు. మూడో వంతు యంత్రం ఖాళీగా ఉందని ఆడిటరు గొణగవచ్చు. ఆ ఖాళీయే హామీకి చెల్లించిన మూల్యం.

చైనాలో మో లీ, యున్‌హావ్ లియు 2007లో ప్రకటించిన పరిశోధన నాకు మరీ నచ్చింది. బొగ్గుగనిలో కప్పు కూలితే అక్కడి సెన్సర్లూ దానితో పాటు పోతాయి కదా! ఇరుగుపొరుగు సెన్సర్లు ఆ మౌనాన్నే వార్తగా తీసుకుని, ఎక్కడ బొరియ పడిందో అంచులు గీసి చెబుతాయి. మన దగ్గర ఇటువంటివాటి అవసరం లేదని ఎవరూ అనలేరు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. భారీ యంత్రాలతో నడిచే అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో 2022 మార్చిలో జరిగిన ప్రమాదం ముగ్గురిని బలిగొన్నది. సెన్సర్లుంటే వీరంతా బతికేవారని నేననను. అలా అనడం చనిపోయినవారి పేరిట సరుకు అమ్ముకోవడమే.

నా కోరిక చిన్నది. గనిలో ఎన్ని సెన్సర్లు పెట్టారన్న లెక్కతో పాటు, అన్నిటికన్నా లోతున ఉన్న సెన్సరు కబురు అన్నీ ఎదురు తిరిగిన రోజున ఎన్ని క్షణాల్లో పైకి చేరుతుందో టెండరులోనే రాయించాలి. ఆ అంకెను బాయి మూతి దగ్గర, షిఫ్టుకు దిగేవారి కంటబడేలా తెలుగులో గోడ మీద రాయాలి. దానిని కార్మిక సంఘాలే ముందుగా అడగవచ్చు.